పొలం గట్టు – పాఠకుల ప్రశ్నలు: మాలి పల్లెల్లో ఉమ్మడి చేను

గత సంచికలో సజ్జ గురించి రాస్తూ, ఆ గింజ పుట్టిల్లు ఆఫ్రికా అనీ, మాలి దేశం ఉత్తరాన తిలెమ్సీ లోయలో సుమారు 4,500 ఏళ్ళ నాటి సాగు సజ్జ ఆనవాళ్ళు దొరికాయనీ చెప్పాను. చివర్లో ఒక్క వాక్యం, ఆ దేశపు పల్లెల్లో ఇప్పటికీ ఇంటిల్లిపాదీ ఒకే పెద్ద చేనులో కలిసి పని చేస్తారని. ఉత్తరాలన్నీ ఆ ఒక్క వాక్యం మీదే వచ్చాయి, సజ్జను ఎవరూ పట్టించుకోలేదు! అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే. ఒక్క మాట ముందే చెబుతున్నా: పశ్చిమాఫ్రికా అంటే పదిహేనుకు పైగా దేశాలు, ఒక్కో చోట ఒక్కో పద్ధతి. నేను చెప్పేది దక్షిణ మాలిలో సెగూ, సికాసో వైపు ఉండే బామనా (బంబారా అని కూడా అంటారు) రైతుల గురించి. దీన్ని తీసుకెళ్ళి ఘనాకో నైజీరియాకో అంటగట్టకండి.

మేడం, ఊరంతా కలిసి చేస్తే భూమి ఎవరి పేరు మీద ఉంటది? పంట ఎట్ల పంచుకుంటరు? మా అన్నదమ్ములం ముగ్గురం రెండెకరాలు కలిపి చేసుకోలేకపోతున్నం, అందుకే అడుగుతున్న.
– ఒక రైతు, సిద్దిపేట జిల్లా

అన్నా, మంచి ప్రశ్న. ముందు భూమి సంగతి. అక్కడి పల్లెల్లో చాలా భూమికి మన పట్టాదారు పాసుపుస్తకం లాంటి కాగితం ఉండదు. మొట్టమొదట ఆ అడవి కొట్టి ఊరు కట్టిన వంశంలో పెద్దవాడు ఊరి పెద్ద, అతన్ని దుగుతిగి అంటారు. ఏ కుటుంబం ఏ చేను దున్నుకోవాలో తరతరాలుగా ఒక ఒప్పందం ఉంటుంది. కొత్తగా బతకడానికి వచ్చినవాడు కోలా కాయలు (పెద్దలకు మర్యాదగా ఇచ్చే ఒక రకం గింజలు) తీసుకుని ఊరి పెద్ద దగ్గరికి వెళ్ళి అడిగితే సాధారణంగా కాదనరు, చేను చూపిస్తారు. కానీ ఒక షరతు: పంట వేసుకో, చెట్టు మాత్రం నాటొద్దు. పంట కోతతో అయిపోతుంది, చెట్టు నాటితే ముప్పై ఏళ్ళు నిలబడి ఇది నాదే అంటుంది కదా. ఇన్ని తగాదాలకు మూలం ఎక్కడుందో ఆ పెద్దమనుషులు ఎంత బాగా పట్టుకున్నారో చూడండి.

ఇక కలిసి చేసేది నిజానికి ఊరంతా కాదు, ఒక పెద్ద ఇల్లు. అన్నదమ్ములు, వాళ్ళ భార్యలు, కొడుకులు, కోడళ్ళు, మనవలు, ఒక్కో ఇంట్లో ఇరవై ముప్పై మంది, కొన్ని ఇళ్ళల్లో అంతకన్నా ఎక్కువే. ఆ ఇంటికి ఒక పెద్ద చేను ఉంటుంది, ఫోరోబా అంటారు. జొన్న, సజ్జ, మొక్కజొన్న, ఈ మధ్య పత్తి, ఇవన్నీ అందులోనే. వానాకాలం పొద్దున్నే అందరూ అక్కడికే పోవాలి, తప్పించుకునే వీల్లేదు. మధ్యాహ్నం దాటాక మాత్రం ఎవరి చెక్కకు వాళ్ళు పోతారు. ఎందుకంటే పెద్ద చేను కాక ఇంట్లో పెళ్ళైన ప్రతి ఆడమనిషికీ, చాలాచోట్ల పెళ్ళికాని కుర్రాళ్ళకు కూడా, ఒక చిన్న సొంత చెక్క ఉంటుంది. ఆడవాళ్ళు అందులో వేరుశనగ, బంబారా వేరుశనగ (నేలలోపలే కాసే ఇంకో పప్పుగింజ), బెండ, గోంగూర వేస్తారు. వారంలో ఒక రోజు పూర్తిగా సొంత చెక్కకే వదిలేసే ఇళ్ళూ ఉన్నాయి. ఆ చెక్కలో పండింది వాళ్ళదే, అమ్ముకున్నా దాచుకున్నా ఇంటిపెద్ద అడగడు.

పంపకం అడిగారు. పెద్ద చేను పంట అసలు పంచుకోరు! మొత్తం ఇంటి గాదెల్లోకి పోతుంది, తాళం ఇంటిపెద్ద చేతిలో. రోజూ ఆ రోజు వంట వంతు ఎవరిదో ఆమెకు కొలిచి ఇస్తారు. ఆమె దాన్ని దంచి, ఆ పిండితో అందరికీ ఒక్కటే పొయ్యి మీద గట్టి సంకటి వండుతుంది. సంకటిలోకి పులుసుకు కావలసిన దినుసులు మాత్రం చాలావరకు ఆడవాళ్ళు తమ చెక్కల్లోంచో అడవిలోంచో తెచ్చుకోవాలి. పన్ను కట్టాలన్నా, కుర్రాడి పెళ్ళికి పెళ్ళికూతురి వాళ్ళకు ఇవ్వాలన్నా, ఎవరికైనా జబ్బు చేసినా, ఖర్చు గాదెలోంచే.

నాకు ఇందులో బాగా నచ్చేది ఆ మధ్యాహ్నం గీత. ఉమ్మడి చేను కోసం ఎవరి సొంతాన్నీ పూర్తిగా లాక్కోలేదు. రోజును రెండుగా చీల్చి ఇది ఇంటిది, ఇది నీది అన్నారు. మీ ముగ్గురన్నదమ్ములు కూడా రెండెకరాలూ కలిపేయాలి, లేదంటే మూడు ముక్కలు చేయాలి అని కాకుండా మధ్యలో ఏదైనా దారి ఉందేమో ఆలోచించండి. కరిగెట, నాట్లు, కోత కలిపి చేసుకుని, ఒక చిన్న మడి ఎవరిది వాళ్ళు ఉంచుకున్నా ఉమ్మడే.

అయితే అంతా బంగారం అని చెప్పను. ఆడవాళ్ళకు ఇచ్చే చెక్కలు ఎక్కువగా ఊరికి దూరంగా ఉన్నవి, లేదా పెద్ద చేనులో వేసి వేసి సారం పోయి వదిలేసినవి. ఆమె ఏళ్ళ తరబడి పేడ వేసి బాగు చేసుకున్నాక మగవాళ్ళు మళ్ళీ తీసేసుకున్న సందర్భాలూ ఉన్నాయి. పొద్దుటి నుంచి ఇంటి చేనులో వంగి పని చేసిన మనిషి, సాయంత్రం అలసిన నడుముతో తన చేనుకు పోతుంది, వచ్చి వంట చేస్తుంది. దీన్ని గొప్ప సంస్కృతి అని పొగిడి వదిలేస్తే ఆమెకు అన్యాయం చేసినట్టే.

అక్కా, అక్కడ డప్పులు కొడుతుంటే కలుపు తీస్తారని ఒక వీడియోలో చూశాను, టూరిస్టుల కోసం చేసే షోనా, నిజంగానే చేస్తారా?
– డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

నిజంగానే చేస్తారమ్మా, అది చాలా పాత పద్ధతి. ప్రతి ఊళ్ళో పడుచువాళ్ళకు ఒక సంఘం ఉంటుంది, తోన్ అంటారు. దానికో నాయకుడు, రావాల్సిన రోజు రానివాడికి జరిమానా, అన్నీ లెక్కగా ఉంటాయి. ఒక ఇంటి చేనులో కలుపు ముంచుకొచ్చినప్పుడు ఆ ఇంటివాళ్ళు తోన్‌ను పిలుస్తారు. ముప్పై నలభై మంది ఒకే వరసలో దిగుతారు. చేతిలో దబా, అంటే పొట్టి పిడి ఉన్న వెడల్పు పార. పిడి పొట్టి కాబట్టి నడుము పూర్తిగా వంచాలి, ముందుకు వేసి తనవైపు లాగాలి, లాగిన మట్టి కలుపు మీద బోర్లా పడాలి. ఒక్కడివే చేస్తే గంటలో నడుము పట్టేస్తుంది. వెనక డప్పులవాళ్ళు దరువు వేస్తుంటే నలభై పారలూ ఒకేసారి నేలను తాకుతాయి, ఎవడైనా వెనకబడితే పాటలో వాడి పేరు వచ్చేస్తుంది, ముందున్నవాడి పేరు తాతల పేర్లతో సహా పొగడ్తగా వస్తుంది. ఆ పొగడ్త కోసం కుర్రాళ్ళు ప్రాణం పెట్టి పోటీ పడతారు. నాట్లు వేస్తూ పాటలు పాడుకున్న మన ఆడవాళ్ళకు ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

కూలి ఎవరి చేతికీ రాదు, సంఘం డబ్బుల్లోకి పోతుంది. కోతలయ్యాక ఆ డబ్బుతో ఎద్దునో మేకల్నో కొని పండగ చేసుకుంటారు, లేదా ఊరికి పనికొచ్చేదేదైనా చేస్తారు. ఇంటాయన జబ్బు పడిన ఇల్లో, మగదిక్కు లేని ఇల్లో అయితే తోన్ ఉత్తినే వచ్చి పని చేసి పోయే ఆనవాయితీ కూడా ఉంది.

ఇంకొకటి చెప్పాలి. బామనావాళ్ళ కథల్లో మనిషికి వ్యవసాయం నేర్పింది చి వారా అనే సగం జింక లాంటి జీవి. దాని పేరు మీద చెక్కతో చెక్కిన జింక తలపాగాలు పెట్టుకుని, ఒకటి ఆడది, ఒకటి మగది, ఇద్దరు జంటగా చేనులో ఆడతారు. ఆడవాళ్ళంతా పాట అందుకుంటారు. ఊళ్ళో అందరికన్నా బాగా పార పట్టినవాడికి దక్కే గౌరవం అది. ఇస్లాం బాగా విస్తరించాక చాలా ఊళ్ళు ఈ ఆట మానేశాయి, ఆ తలపాగాలు ఇప్పుడు యూరప్, అమెరికా మ్యూజియంల అద్దాల వెనక కనిపిస్తున్నాయి. మంచి శిల్పం అని చూసిపోతారు జనం, అది మంచి రైతుకు వేసిన దండ అని పక్కన పెద్ద అక్షరాలతో రాస్తే బాగుండు అనిపిస్తుంది నాకు.

మేడం, మేము పదిమందిమి కలిసి పదిహేను ఎకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేశాం. ఏడాది తిరక్కుండానే గొడవలు. ఒకళ్ళిద్దరు పనికి రారు, అప్పు మాత్రం అందరి మీదా పడింది. ఆఫ్రికావాళ్ళకు కుదిరింది మాకెందుకు కుదరదు?
– ఒక కౌలు రైతు, గుంటూరు జిల్లా

మీ బాధ అర్థమైంది. కానీ వాళ్ళకు కూడా అన్నిసార్లూ కుదరలేదండీ, మీకు అచ్చంగా మీలాంటి కథలు రెండు చెబుతాను.

మొదటిది. మాలికి 1960లో స్వాతంత్ర్యం వచ్చింది. మొదటి అధ్యక్షుడు మొదిబో కెయితా సోషలిస్టు. మన పల్లెల్లో ఎలాగూ ఉమ్మడి సేద్యం ఉంది కదా, దాన్నే దేశమంతా పెంచుదాం అనుకున్నాడు. ఊరికో సామూహిక చేను పెట్టమన్నారు. ఉద్దేశం మంచిదే. కానీ ఎప్పుడు పని చేయాలి, పండింది ఏం చేయాలి అన్నది పైనుంచి ఆఫీసర్లు చెప్పారు, ధాన్యం ప్రభుత్వ సంస్థే తక్కువ ధరకు కొనేది. జనం ఏం చేశారు? ఎదురు తిరగలేదు, ఆ చేనుకు ఆలస్యంగా పోయేవాళ్ళు, పైపైన గీకి వచ్చేవాళ్ళు, మంచి వాన పడ్డ రోజు సొంత ఇంటి చేనుకు పోయేవాళ్ళు. తరాల తరబడి కలిసి పని చేసినవాళ్ళే! 1968లో సైన్యం కెయితాను దించేసింది, ఆ సామూహిక చేలూ దాదాపు అప్పుడే పోయాయి. ఫోరోబాలో వంగిన నడుము సర్కారు చేనులో ఎందుకు వంగలేదంటే, ఫోరోబా పంట ఏ గాదెలోకి పోతుందో, ఆ గాదెలోంచి ఏ పిల్లాడు తింటాడో వాళ్ళ కళ్ళకు కనిపిస్తుంది.

రెండోది పత్తి కథ, ఇది మీకు ఇంకా దగ్గర. దక్షిణ మాలిలో పత్తి కొనేది ఒకటే కంపెనీ, అందులో ప్రభుత్వానిదే పెద్ద వాటా. 1970లలో రైతులు కాటాలో మోసం జరుగుతోందని గోల పెట్టారు. అప్పుడు తూకం ఊరివాళ్ళే వేసుకోండి, దానికి కమిషన్ ఇస్తాం అన్నారు. తూకం వేసి లెక్క రాయడానికి ఊరివాళ్ళు బామనా భాషలో రాయడం, కూడికలు నేర్చుకున్నారు. వచ్చిన కమిషన్‌తో బడులు కట్టుకున్నారు, బావులు తవ్వించుకున్నారు. గ్రామ సంఘాలు అలా పుట్టాయి, బ్రహ్మాండంగా నడిచాయి కూడా.

తర్వాత ఎరువులు, విత్తనం, మందులు అప్పు ఇస్తూ, ఆ అప్పుకు సంఘం మొత్తం పూచీ అన్నారు. ఒకడు కట్టకపోతే మిగతావాళ్ళ పత్తి డబ్బుల్లోంచి కోత. 1990ల చివరికి వచ్చేసరికి ధర పడింది, అప్పులు పేరుకున్నాయి, బాగా పండించినవాడి డబ్బు బాకీపడ్డవాడి ఖాతాకు పోయింది. సంఘాలు రెండుగా, మూడుగా చీలిపోయాయి. 2000–01 సీజన్‌లో చాలామంది రైతులు అసలు పత్తే వేయం అని మొండికేశారు, ఆ ఏడు దేశంలో పత్తి సగానికి పడిపోయింది.

చూశారా, తూకం ఊరి చేతికి వచ్చినప్పుడు సంఘం నిలబడింది, అప్పు ఊరి మెడకు చుట్టినప్పుడు విడిపోయింది. మీరు పదిమంది కలిపింది పనా, అప్పా? మీ ఉత్తరం చదివితే ముందు అప్పు కలిపినట్టున్నారు, పనికి మాత్రం నియమం ఏమీ పెట్టుకోలేదు. నా సలహా ఏంటంటే, మళ్ళీ చేయాలనుకుంటే ముందు బదులు కూలితో మొదలుపెట్టండి, మా చేనుకు మీరు, మీ చేనుకు మేము. ఒక సీజన్ చూస్తే ఎవరు వస్తారో ఎవరు రారో తేలిపోతుంది. రానివాడికి జరిమానా ముందే రాసుకోండి, తోన్‌లో లాగా, అది చిన్నతనం కాదు. అప్పు విడివిడిగా ఉంచుకోండి. మిర్చి లాంటి పెట్టుబడి పంటతో ఉమ్మడి మొదలుపెట్టడం మాత్రం వద్దు, ఎకరానికి అంత డబ్బు పెట్టాక ఎవరికైనా టెన్షన్ వస్తుంది, టెన్షన్‌లో స్నేహాలు నిలవవు. వీలైతే జహీరాబాద్ వైపు వెళ్ళి అక్కడి మహిళా సంఘాలను చూసిరండి. 1980ల నుంచి పేద దళిత ఆడవాళ్ళు కలిసి భూములు కౌలుకు తీసుకుని జొన్న, సజ్జ, పప్పుధాన్యాలు కలిపి వేస్తున్నారు. వాళ్ళతో ఒక పూట కూర్చుంటే నేను రాసే నాలుగు పేరాల కన్నా ఎక్కువ తెలుస్తుంది.

షియా బటర్ క్రీమ్ డబ్బా మీద ‘ఆఫ్రికా మహిళల చేతులతో’ అని ఉంది. నిజంగా వాళ్ళకేమైనా మిగులుతుందా?
– ఒక గృహిణి, విశాఖపట్నం

షియా చెట్టును దాదాపు ఎవరూ నాటరండీ. చేను కొట్టేటప్పుడు దాన్ని మాత్రం నరక్కుండా వదిలేస్తారు, కాపుకు రావడానికే పదిహేను ఇరవై ఏళ్ళు పడుతుంది. మన ఇప్ప చెట్టుకు దగ్గరి చుట్టం, ఒకే కుటుంబం, రెండింటి గింజల్లోనూ నూనే. జూన్ నుంచి ఆగస్టు దాకా పండ్లు రాలతాయి, అవి ఆడవాళ్ళవి. తెల్లవారకముందే బుట్టలు పట్టుకుని వెళ్ళి ఏరతారు, గడ్డిలో పాముల భయం ఎప్పుడూ ఉంటుంది. గుజ్జు తినేసి, గింజలు ఉడకబెట్టి, ఎండబెట్టి, పగలగొట్టి, లోపలి పప్పు వేయించి, దంచి ముద్ద చేసి, ఆ ముద్దలో నీళ్ళు పోస్తూ చేత్తో గిలక్కొడతారు. మోచేతి దాకా ముదురు గోధుమరంగు ముద్ద అంటుకుని ఉంటుంది, కొట్టగా కొట్టగా అది తెల్లబడి కొవ్వు పైకి తేలుతుంది, దాన్ని కాచి వడకడితే వెన్న. బోలెడు నీళ్ళు, బోలెడు కట్టెలు, చేతుల్లో బలం ఉండాలి.

మిగులు సంగతి. ఎగుమతి అయ్యే షియాలో ఎక్కువ భాగం క్రీముల్లోకి కాదు, చాక్లెట్లు, మిఠాయిల తయారీలోకి పోతుంది, అదీ చాలావరకు గింజగానే. గింజలు చేతికొచ్చే కాలం, ఇంట్లో గాదె ఖాళీ అయ్యే కాలం ఒకటే. అందుకే చాలామంది ఆడవాళ్ళు దళారి చెప్పిన ధరకు వెంటనే అమ్మేస్తారు. సహకార సంఘంలో చేరి గింజ నిల్వ పెట్టుకోగలిగినవాళ్ళకు, వెన్న తీసి అమ్మగలిగినవాళ్ళకు నయంగా ఉంటుంది. మీ డబ్బా మీద ఏ దేశం, ఏ సహకార సంఘం అని పేరు రాసి ఉంటే కొంత నమ్మొచ్చు, చేతుల బొమ్మ ఒక్కటే ఉంటే అది ప్రకటనే అనుకోండి.

మేడం, ఇక్కడ ఆఫ్రికన్ షాపులో బిస్సాప్ అని ఎండిన ఎర్ర పూలు అమ్ముతున్నారు, పుల్లగా అచ్చం గోంగూర వాసన. నాకే అలా అనిపిస్తోందా?
– టొరంటో నుంచి ఒక పాఠకురాలు

మీ ముక్కు కరెక్టే. అది ఎర్ర గోంగూర కాయ మీది రేకు, మొక్క పుట్టిందీ ఆఫ్రికాలోనే అంటారు. మాలిలో ఆకు పులుసులోకి, ఎర్ర రేకులు పంచదార వేసిన చల్లటి పానీయానికి, దాన్ని దబ్లెనీ అంటారు. నేను పైన చెప్పిన ఆడవాళ్ళ చెక్కల గట్ల మీద పెరిగేది ఇదే, సంతలో వాళ్ళ చేతికి నాలుగు డబ్బులు వచ్చేదీ దీని వల్లే. నానబెట్టి పచ్చడి చేసుకోండి, నూనె కాస్త ఎక్కువ పోయండి, ఎండుమిర్చి తగ్గించొద్దు.

ఇంకా అక్కడి కుర్రాళ్ళు ఊళ్ళోనే ఉంటున్నారా మేడం? మా ఊళ్ళో నలభై ఏళ్ళ లోపు రైతు దీపం పెట్టి వెతికినా దొరకడు.
– ఒక ఉపాధ్యాయుడు, నల్గొండ

వెళ్తున్నారండీ, కాకపోతే చాలామంది తిరిగి వస్తారు. సెగూ వైపు ఏడాదికి సుమారు 600–700 మిల్లీమీటర్ల వాన, అదీ జూన్ నుంచి సెప్టెంబరు, మహా అయితే అక్టోబరు దాకా. మిగతా నెలల్లో చేనులో పని ఉండదు. కోతలవగానే కుర్రాళ్ళు రాజధాని బమాకోకో, పక్క దేశం ఐవరీ కోస్ట్‌లో కోకో తోటలకో, బంగారం తవ్వే గుంటలకో పోతారు, తొలకరికి ఇంటికి రావాలన్నది ఇంటి కట్టుబాటు. వచ్చేవాడు వస్తాడు, గుంటల్లో డబ్బు కనబడ్డవాడు ఒక ఏడు రాడు, మరుసటి ఏడు అసలే రాడు. పెద్ద ఇళ్ళు చీలి చిన్నవవుతున్నాయి, కుర్రాళ్ళకు సంపాదన తాళం ఇంటిపెద్ద దగ్గర పెట్టడం ఇష్టం లేదు, వాళ్ళనీ తప్పుపట్టలేం. ఎడ్ల నాగలి వచ్చాక దబా వరసల అవసరమూ తగ్గింది, అయినా కోతకు, నూర్పిడికి తోన్‌ను పిలిచే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. మన పటాన్‌చెరులో 1972లో పెట్టిన మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు బమాకో దగ్గర సమాంకోలో ఒక కేంద్రం ఉంది. అక్కడ తయారైన జొన్న రకాలను రైతులు తమ చేలల్లోనే వేసి చూసి, నచ్చింది ఉంచుకుని నచ్చనిది వదిలేస్తారు. వ్యవసాయం చదివే మీ విద్యార్థులు ఎవరైనా ఉంటే ఈ సంగతి చెప్పండి.

అయితే ఇప్పుడు వలస కన్నా పెద్ద దెబ్బ వేరే ఉంది. 2012 నుంచి ఆ దేశంలో సాయుధ ముఠాల పోరు, ఉత్తరాన మొదలై మధ్య ప్రాంతాలకు, సెగూ దాకా పాకింది. 2020 అక్టోబరులో, సరిగ్గా కోతల వేళ, నియోనో దగ్గర ఫరాబుగూ అనే ఊరిని ముఠాలు చుట్టుముట్టాయి, జనం చేలకు పోలేకపోయారు. ఇలాంటి చోట్ల ముందు వదులుకునేది ఊరికి దూరంగా ఉన్న చేను. ఆడవాళ్ళకు ఇచ్చే చెక్కలు ఎక్కడుంటాయో పైన చెప్పాను కాబట్టి, ఎవరి పంట ముందు పోతుందో మీకే తెలుస్తుంది. కోత ముగిశాక పశువుల కాపర్లు మందలను చేలల్లో తోలి, మొదళ్ళు మేపుకుని బదులుగా పేడ ఇచ్చే పాత ఒప్పందం కూడా ఈ భయంలో చాలాచోట్ల తెగిపోయింది. కాపరి రైతును నమ్మడు, రైతు కాపరిని నమ్మడు. పేడ లేని చేనులో సజ్జ ఎంత పండుతుందో మీ నల్గొండ చెలకల్లో వ్యవసాయం చేసిన ఎవరినడిగినా చెబుతారు.